ఒళ్ళు చెప్పిన మాట

విజయదశమి రాత్రి అమలాపురంలో నిద్రపోయేవాళ్ళు తక్కువ. కొంకాపల్లి, మహిపాల వీధి, గండు వీధి, ఇలా ఒక్కో వీధి నుంచి ఒక్కో వాహనం ఊరేగింపుగా బయల్దేరుతుంది. దానితోపాటే డప్పులు, చెడీ తాలింఖానా అనే సాము విద్య. పదేళ్ళ కుర్రాడి దగ్గర్నుంచి తల నెరిసిన పెద్దాయన దాకా కర్రలు, కత్తులు తిప్పుతారు. కళ్ళకు గంతలు కట్టుకున్నవాడు నేల మీద పడుకున్న మనిషి ఒంటి మీది కాయను ఒక్క వేటుకు రెండు చేస్తాడు. కింది మనిషికి గీత కూడా పడదు. స్వాతంత్ర్య పోరాటానికి కుర్రాళ్ళను సిద్ధం చెయ్యడానికే ఈ విద్య నేర్పేవారని ఊళ్ళో గర్వంగా చెప్పుకుంటారు. చూసేవాళ్ళ కళ్ళన్నీ కత్తి మీదే ఉంటాయి. అంతకన్నా చూడాల్సింది, నా లెక్కన, దసరాకు ముందు వీధుల్లో సాగే సాధన.

కొత్తగా వచ్చినవాడు కర్రను బిగించి పట్టుకుంటాడు. పిడికిలి బిగిస్తే ముంజేయి బిగుస్తుంది, ముంజేయి బిగిస్తే భుజం పైకి లేస్తుంది, కాసేపటికి మెడ పట్టేస్తుంది. అసలు కర్ర తిరగాల్సింది మణికట్టులో, వేళ్ళ సడలింపులో. గురువు ఎన్నిసార్లు చెప్పినా ఆ సంగతి చెవి దాటి చేతిలోకి దిగదు. దించేది పొక్కే. వేళ్ళ మొదళ్ళలో కాయ కాస్తే రోజూ తిప్పుతున్నాడని అర్థం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం లేచిపోతే కర్రను నమ్మలేక నొక్కేస్తున్నాడని అర్థం. అరచెయ్యి చూపించమంటే చాలు, నేర్పేవాడికి సాధన ఎలా సాగిందో తెలిసిపోతుంది.

కాళ్ళ సంగతి ఇంకో రకం. మోకాళ్ళు వంచి, బరువు కిందికి దింపి, అడుగు మార్చుకుంటూ తిరగాలి. మొదటి రోజు హుషారుగానే ఉంటుంది. మర్నాడో ఆ మర్నాడో గుమ్మం మెట్లు దిగాలంటే తొడలు ఏడిపిస్తాయి. ఒకప్పుడు దీనికి కారణం కండరాల్లో పేరుకున్న లాక్టిక్ ఆమ్లం అనేవారు. అది నిజం కాదని తేలింది. ఆ ఆమ్లం గంటా రెండు గంటల్లోనే మామూలు మట్టానికి వచ్చేస్తుంది. బరువు మోస్తూ కండరం సాగినప్పుడు దాని పోగుల్లో సన్నటి చీలికలు పడతాయి, ఒళ్ళు వాటిని బాగుచేసుకునే క్రమంలో వచ్చేదే ఈ నొప్పి. 24 నుంచి 72 గంటల మధ్య ముదిరి, తర్వాత తగ్గుముఖం పడుతుంది. బాగుపడిన కండరం అదే పనికి రెండోసారి అంత నొయ్యదు. అంటే ఈ నొప్పి వచ్చినందుకు ఆపక్కర్లేదు, కాస్త తగ్గించి కొనసాగించవచ్చు.

అయితే అన్ని నొప్పులూ ఇలాంటివి కావు, విద్యంతా ఆ తేడా పట్టుకోవడంలోనే ఉంది. ఆడిన కండ నొప్పి రెండు తొడల్లోనూ సమానంగా పరుచుకుంటుంది, ఒళ్ళు వేడెక్కితే వదులుతుంది. రెండో రకం ఒకే పక్కన, వేలు పెట్టి చూపించగలిగే చోట ఉంటుంది. చెయ్యి ఒక కోణంలోకి వచ్చిన ప్రతిసారీ పోటు పొడుస్తుంది. ఆడేకొద్దీ పెరుగుతుంది, రాత్రి పక్క మీద దొర్లితే నిద్ర లేపుతుంది. కీలు వాచినా, బరువు ఆనకపోయినా ఇక చెప్పేదే లేదు. ఈ రెండో రకాన్ని ‘ఓర్చుకోరా’ అని వెనక్కి పంపే గురువుకు నేర్పడం రాదనే నేనంటాను. జిమ్ముల గోడల మీద ‘నో పెయిన్ నో గెయిన్’ అని రాయించేవాళ్ళు ఏ పెయిన్ గురించో కూడా రాయిస్తే బాగుండేది.

గంతలు కట్టుకుని వేటు వెయ్యడంలో కూడా ఒంటి మీది నమ్మకమే ఆధారం. చెయ్యి ఎక్కడుందో, మోచెయ్యి ఎంత వంగిందో కన్ను చెప్పకపోయినా కండరాల్లోని, కీళ్ళలోని నరాలు మెదడుకు చెబుతూనే ఉంటాయి. అలసిన చేతికి ఆ లెక్క తప్పుతుంది. కాబట్టి చెయ్యి బరువెక్కిందని తెలిసినవాడు కత్తి పక్కవాడికి ఇవ్వాలి. అది పిరికితనం కాదు, కింద పడుకున్నవాడి ప్రాణానికి ఇచ్చే విలువ.

కోనసీమలో ఒంటి మాట వినే ఈ విద్యే బతుకుతెరువైన వాళ్ళు కొబ్బరి దింపు కార్మికులు. కొత్తపేట, రాజోలు తోటల్లో పాదాలకు బందం వేసుకుని ఎత్తైన చెట్లు ఎక్కుతారు. నేల మీద పిక్క పట్టేస్తే తిట్టుకుని రుద్దుకుంటాం. అదే పిక్క గెల దగ్గర పట్టేస్తే? అందుకే పనివాడు చెట్టు మొదట్లోనే కాలి మాట వింటాడు. వానకు నాచు పట్టిన మాను మీద పాదం జంకితే ఆ చెట్టు వదిలేస్తాడు. కానీ కూలి చెట్టుకింత అని కదా లెక్క. వదిలేసిన ప్రతి చెట్టూ ఇంట్లో బియ్యం లెక్కలో తగ్గుతుంది. ఒంటి మాట వినమని సలహా ఇచ్చేవాళ్ళం ఈ మాట మరిచిపోతుంటాం: వినడానికి వెసులుబాటు ఉండాలి.

ఆ వెసులుబాటు పెద్ద ఆటగాళ్ళకూ తేలిగ్గా దొరకదు. అమలాపురం కుర్రాడు, బ్యాడ్మింటన్ ఆటగాడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకాలో కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డు అయ్యింది. అంతకుముందు రికార్డు 2013లో మలేసియా ఆటగాడు టాన్ బూన్ హ్యోంగ్ నెలకొల్పిన 493. అంత వేగం పుట్టించిన చేతిని షటిల్ వెళ్ళిపోయాక ఆపాలి కదా, ఆ పని భుజం వెనక ఉండే చిన్న కండరాలది. కొట్టడం కన్నా ఆపడమే వాటికి కష్టం. 2023లో డబుల్స్‌లో చిరాగ్ శెట్టితో కలిసి సాత్విక్ ఆసియా ఛాంపియన్ అయ్యాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆ టైటిల్ నిలబెట్టుకోవాల్సిన సమయానికి భుజం నొప్పితో ఆ జంట బరిలోకే దిగలేదు. ఒలింపిక్స్ ఏడాది, చేతిలో ఉన్న టైటిల్, అయినా ఆగారు. మేలో థాయ్‌లాండ్ ఓపెన్ గెలిచారు. ఆగస్టు 1న పారిస్ క్వార్టర్ ఫైనల్లో ఓడారు. ఆగినందుకు పతకం వస్తుందని ఎవరూ రాసివ్వరు.

పి.వి. సింధుది దీనికి ఎదురు కథ. 2022 ఆగస్టు 8న బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో చీలమండ నొప్పితోనే ఫైనల్ ఆడి స్వర్ణం గెలిచింది. తర్వాత చూస్తే ఎడమ చీలమండలో ఎముకకు సన్నటి పగులు. ఆ నెలలోనే జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు వెళ్ళలేకపోయింది, మళ్ళీ కోర్టులోకి వచ్చింది 2023 జనవరిలో. ఆమె చేసింది తప్పని అనలేను. నాలుగేళ్ళకోసారి వచ్చే ఫైనల్‌కు అయిదు నెలలు ఖరీదుగా కట్టవచ్చు. ఆ బేరం ఆదివారం అపార్టుమెంట్ టోర్నమెంట్‌కు కుదరదు, తేడా అంతే.

ఈ మధ్య సాధనకు ముందే నొప్పి మాత్ర వేసుకోవడం, మోకాలికి స్ప్రే కొట్టుకోవడం అలవాటైపోయింది. నొప్పే తెలియకపోతే ఏమవుతుందో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ దగ్గరగా చూశాడు. కుష్ఠు రోగుల వేళ్ళు, పాదాలు పాడైపోవడానికి చాలావరకు కారణం మాంసం కుళ్ళడం కాదని, స్పర్శ పోయాక తెలియకుండా తగిలే దెబ్బలు, కాలిన గాయాలు, చెప్పుల ఒరిపిడి అని ఆయన నిరూపించాడు. చెప్పులో రాయి ఉన్నా నడుస్తూనే పోయేవారు. షుగరు ముదిరి పాదాలు మొద్దుబారినవాళ్ళకూ ఇదే ప్రమాదం. నొప్పి లేదని వాళ్ళు నిశ్చింతగా ఉండకూడదు, రోజూ అరికాళ్ళు కళ్ళతో చూసుకోవాలి. గుండె బాధ ఎడమ చేతిలోనో దవడలోనో పలుకుతుంది కూడా. ఒళ్ళు అబద్ధం చెప్పదనే నానుడిని నేను పూర్తిగా నమ్మను. కొన్నిసార్లు చిరునామా తప్పు చెబుతుంది, కొన్నిసార్లు గాయం మానినా నెలల తరబడి నసపెడుతూనే ఉంటుంది. అలాంటప్పుడు డాక్టరు చూపు కావాలి.

అయినా శిక్షణలో యంత్రాలు ఎన్ని వచ్చినా ఆటగాణ్ణి అడగడం మానలేదు. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ 6 నుంచి 20 దాకా ఒక కొలబద్ద తయారుచేశాడు. పరిగెత్తేవాడే తనకు ఎంత కష్టంగా ఉందో అంకె చెప్పాలి. ఆ అంకెను పదితో హెచ్చిస్తే ఆరోగ్యంగా ఉన్న యువకుడిలో గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో ఇంచుమించుగా వస్తుంది. వీధి సాధనలో ‘ఎలా ఉందిరా?’ అని అడిగే గురువు కాగితం లేకుండా చేస్తున్నదీ అదే. కాకపోతే జవాబు చెప్పినవాడిని నవ్వులపాలు చెయ్యకూడదు. ఒకసారి నవ్వితే ఆ కుర్రాడు మళ్ళీ నిజం చెప్పడు.

సాత్విక్‌ను చూసి రాకెట్ పట్టిన పిల్లలు అమలాపురం కోర్టుల్లో ఇప్పుడు చాలామందే. అందరికీ ముందు స్మాషే కావాలి. పన్నెండేళ్ళవాడి భుజంలో ఎముక చివర ఇంకా పెరుగుతున్న మెత్తటి పలక ఉంటుంది. పెద్దవాళ్ళలో స్నాయువు తట్టుకునే లాగుడుకు పిల్లల్లో ఆ పలక దెబ్బతింటుంది. ఆట రోజు నొప్పి అని వాడు ఎలాగూ చెప్పడు, ఆపేస్తారని భయం. మర్నాడు పొద్దున్న బడి సంచీ తగిలించుకునేటప్పుడు ఏ భుజానికి మారుస్తున్నాడో గమనించండి. వరసగా రెండు రోజులు అలా మారిస్తే ఆ వారం స్మాష్ మాన్పించి, అడుగులూ సర్వీసూ సాధన చేయించి, డాక్టరుకు చూపించండి.