తెర వెనక ఉయ్యాల

మా బర్గూరు చుట్టుపక్కల ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం పెట్టారంటే పద్దెనిమిది రోజుల పండగ. పగలు కథ, రాత్రి తెల్లవార్లూ ఆట. అర్జునుడు తపసు మాను ఎక్కుతాడు. నేల మీద మట్టితో పోసిన దుర్యోధనుడి దగ్గర భీముడు గద ఎత్తుతాడు. చివర్లో అగ్గిగుండం తొక్కుతారు. ఒక ఊళ్లో తెలుగులో ఆడితే పక్క ఊళ్లో తమిళంలో ఆడతారు. మా ఇళ్లలో రెండూ తెలుసు కాబట్టి ఎక్కడ మద్దెల మోగితే అక్కడికి చాప చంకన పెట్టుకుని పోయేవాళ్లం.

ఒకసారి ఆట మొదలు కాకముందే వేషాలు కట్టే పందిట్లోకి తొంగి చూశాను. ద్రౌపది అద్దం ముక్క ముందు గొంతుక్కూర్చుని, గడ్డం మీద రెండోసారి కత్తి ఆడించి, ఆ గరుకు కనపడకుండా అర్దళం మందంగా పూసుకుంటున్నాడు. కాసేపటికి ఆయనే సభలో జుట్టు విరబోసుకుని ఏడిస్తే మా ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇంటికొస్తూ మా అవ్వను అడిగాను, ఆడోళ్లు ఎందుకు కట్టరు ఆ వేషం అని. అవ్వ ఆలోచించను కూడా లేదు. "తెల్లార్లూ ఆడతా ఉంటే బిడ్డల్ని ఎవురు చూసేది మే?"

ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. హైదరాబాదు లలిత కళాతోరణంలో సురభి నాటక కుటుంబాల 'మాయాబజార్' చూసిన రాత్రి దొరికింది.

సురభి అంటే అందరూ ముందు మాయల గురించే చెబుతారు. వాటికి ఆ గౌరవం న్యాయమే. నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు. బాణానికి బాణం గాలిలో ఎదురవుతుంది. ఘటోత్కచుడు కూర్చున్న చోటు నుంచి కదలకుండానే లడ్డూలు వరసగా లేచి నోట్లోకి వెళతాయి. ఇదంతా కంటికి ఆనని సన్నటి తీగలూ దారాలతో చేసే పని. దారం కనపడకుండా వెనక ముదురు రంగు తెర ఉండాలి, దీపం వెలుగు పక్క నుంచి పడాలి. లడ్డూ ఏ దారిన వస్తుందో ఆ దారి నుంచి నటుడు తల అరచెయ్యి మేర కూడా తప్పించకూడదు. తెర వెనక దారం లాగే మనిషికి పద్యం మొత్తం నోటికి రావాలి, ఏ మాట దగ్గర లాగాలో, ఏ మాట దగ్గర ఆపాలో తెలియాలి. అడవి తెర ముందు ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు ఆ తెర వెనక సభ సిద్ధమవుతూ ఉంటుంది. మాట పూర్తయ్యేసరికి తెర లేస్తుంది, సింహాసనం మీద రాజు ఉంటాడు. కూలికి వచ్చిన మనుషులతో ఇది సాగదు. ఇంటిల్లిపాదీ పుట్టిన దగ్గర్నుంచీ ఆ పద్యాల మధ్యే పెరిగితే తప్ప ఆ చెయ్యి అలా కుదరదు.

ఈ కుటుంబాలు మొదట మన నేలవి కావు. మరాఠీ నేల నుంచి ఎప్పుడో దిగివచ్చి రాయలసీమలో కుదురుకున్నవాళ్లు. ఇళ్లలో ఇప్పటికీ ఆరె మరాఠీ వినిపిస్తుంది, రంగం మీద మాత్రం తెలుగు పద్యం. నాటకాలకు ముందు వాళ్లది తోలుబొమ్మలాట. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచకవధ' ఆడించడంతో ఆ ఊరి పేరే వాళ్ల పేరయింది.

తోలుబొమ్మలాటలో సీతకూ ద్రౌపదికీ గొంతు ఇచ్చేది ఇంటి ఆడవాళ్లే. భర్త బొమ్మ ఆడిస్తే భార్య పాడుతుంది, పక్కన ఉయ్యాలలో బిడ్డ ఉంటుంది. ఆ గొంతు తెర వెనక నుంచి తెర ముందుకు రావడానికి పెద్ద దూరం లేదని నేననుకుంటాను. తక్కిన తెలుగు రంగస్థలం మీద మీసం తీసిన మగవాళ్లు సత్యభామలైన కాలంలో సురభిలో ఆడవేషాలు ఆడవాళ్లే కట్టారు. స్థానం నరసింహారావుగారి సత్యభామను తక్కువ చేసి ఈ మాట అనడం లేదు, ఆయనది మహావిద్య. కానీ ఆడవాళ్లను రానిచ్చాక కూడా, రంగం వాళ్లను తల్లులుగా రానివ్వడం వేరే సంగతి. సురభి రానిచ్చింది.

ఆ రాత్రి ఆట మధ్యలో నన్ను లోపలికి రానిచ్చారు. రంగు పూసుకుని నగలన్నీ పెట్టుకున్న ఒకామె పెట్టె మీద కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. కళ్లు బిడ్డ మీద, చెవి హార్మోనియం మీద. శ్రుతి మారగానే లేచి, బిడ్డను పక్కనున్న ముసలమ్మ ఒళ్లో పెట్టి, కొంగు సర్దుకుని రెండడుగుల్లో వెలుగులోకి వెళ్లిపోయింది. ముసలమ్మ ఎడమ చేత్తో బిడ్డను జోకొడుతూనే పెదవులు కదుపుతోంది. రంగం మీద వినిపిస్తున్న పద్యమే అది. ఒకప్పుడు ఆమె కట్టిన వేషమట. పాత్ర కోడలికి ఇచ్చేసినా పద్యాన్ని వదల్లేదు. జడ అల్లేదీ, మాట మరిచిపోతే అందించేదీ, నెలల బిడ్డను బాలకృష్ణుడిగా పంపించేదీ ఇలాంటి పాత నటీమణులే. బిడ్డల్ని ఎవరు చూసేదన్న మా అవ్వ మాటకు ఆ ఒడి జవాబు.

సురభి కమలాబాయిగారి పుట్టుక కథ అందుకే నాకు వింతగా అనిపించదు. తల్లి వెంకూబాయి దమయంతి వేషంలో ఉండగా నొప్పులొచ్చి రంగం మీదే ఆమె పుట్టారని, జనం అదీ నాటకంలో భాగమే అనుకున్నారని చెప్పుకుంటారు. చిన్ననాడు కృష్ణుడు, ప్రహ్లాదుడు వేషాలు కట్టిన ఆ పిల్ల, 1932 ఫిబ్రవరిలో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో ప్రహ్లాదుడి తల్లి లీలావతి. ఆ సినిమా తీసింది బొంబాయిలో. తర్వాత అక్కడ హిందీ చిత్రాల్లోనూ నటించి, చివరికి మద్రాసు చేరారు. 1951లో వచ్చిన 'పాతాళ భైరవి'లో తోటరాముడి తల్లి ఆమే. కొడుకు కోసం బెంగపడే ఆ ముసలి తల్లిని చూసిన లక్షలమందిలో, ఈమె మన తొలి కథానాయిక అని ఎరిగినవాళ్లు ఎందరో! 1971లో, స్థానంవారు పోయిన ఏడాదే, ఆమె కూడా వెళ్లిపోయారు.

పదుల కొద్దీ ఉన్న సురభి సమాజాలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కకు వచ్చాయి. శేరిలింగంపల్లిలోని సురభి కాలనీలో పిల్లలు బడికి, ఉద్యోగాలకు పోతున్నారు, పోవాలి కూడా. కానీ పద్యానికి కట్టిన ఆ దారం లాగే నేర్పు పుస్తకంలో రాసి దాచేది కాదు. ఇంకో తరం చేతులు ఖాళీగా ఉంటే అది పోయినట్టే. ఏడాదిలో నాలుగు ఉత్సవాలకు పిలిచి శాలువా కప్పితే సరిపోదు. ఊరూరా నెలల తరబడి గుడారం వేసుకుని ఆడే వీలు ఉండాలి.

సురభి నేర్పు మాయలతోనే ఆగలేదు, ఆ సంగతి చైనా నుంచి మొదలుపెట్టాలి. అక్కడా మగవాడు కట్టే మన ద్రౌపది లాంటి ఏర్పాటే ఉండేది. పెకింగ్ ఒపేరాలో స్త్రీ పాత్రలకు పేరు మోసిన మెయ్ లాన్‌ఫాంగ్ పురుషుడు. 1935లో మాస్కోలో ఆయన అభినయం చూసిన జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్, ఆ నటన గురించి ఎంతో ఆలోచించాడు. కొన్నేళ్లకు సెచువాన్ అనే చైనా ప్రాంతం పేరుతో ఒక మంచి మనిషి కథను నాటకంగా రాశాడు. 1990లలో నాటక దర్శకుడు బి.వి. కారంత్ హైదరాబాదు వచ్చి, ఆ నాటకాన్నే సురభి వాళ్లతో 'బస్తీ దేవత యాదమ్మ'గా ఆడించారు. తీగలూ మబ్బులూ లేకుండా వాళ్లు నిలబడగలరా అన్నవాళ్లకు అది జవాబు.

బ్రెహ్ట్ కథలో ఆ మంచి మనిషి ఒక ఆడది. మంచితనం వల్ల అందరూ దోచుకుంటుంటే, బతకడానికి మగవేషం కట్టి, లేని చుట్టంగా బయటికి వస్తుంది. కడుపులో బిడ్డ ఉందని తెలిశాక ఆ వేషాన్ని మరీ గట్టిగా పట్టుకుంటుంది, ఆ బిడ్డను చూసుకోవాలి కాబట్టి.