తప్పు తీర్పు – ప్రేక్షకుల తగాదా

ఆటస్థలంలో అంపైరు ఇచ్చిన తప్పు తీర్పు మీద ప్రేక్షకులు పడే తగాదా సాహిత్య విమర్శకు తగిన విషయమేనా అని కొందరికి సందేహం కలగవచ్చు. ప్రజలు ఆవేశంతో వాదించుకునే విషయం ఏదైనా విమర్శకుడికి అవసరమే. అయితే ఈ విషయంలో మనవాళ్ళ మధ్య రెండు తేలిక అభిప్రాయాలు చలామణి అవుతున్నాయి. ఆటలన్నీ పెట్టుబడిదారీ వ్యవస్థ జనానికి తినిపించే నల్లమందు, వాటిమీద వాదులాట మత్తులో పలవరింత అన్నది మొదటిది. అంపైరును తిట్టడం కూడా అధికారం మీద తిరుగుబాటే అన్నది రెండవది. మొదటిది జనాన్ని చిన్నచూపు చూస్తుంది. రెండవది జనానికి ముఖస్తుతి చేస్తుంది. రెండూ వాస్తవాన్ని పరిశీలించవు. అమెరికాలో బేస్‌బాల్ చుట్టూ పుట్టిన మూడు రచనలను తీసుకొని ఈ సంగతి తేల్చుకోవాలని నా ఉద్దేశం.

మొదటిది ఎర్నెస్ట్ థేయర్ రాసిన 'కేసీ ఎట్ ది బాట్' అనే హాస్య కవిత. 1888 జూన్ 3న శాన్‌ఫ్రాన్సిస్కో ఎగ్జామినర్ పత్రికలో మారుపేరుతో అచ్చయింది. మడ్‌విల్ జట్టు ఓటమి అంచున వున్నది. ఊరి వీరుడు కేసీ బాట్ పట్టి నిలబడ్డాడు. రెండు బంతులను నిర్లక్ష్యంగా వదిలేశాడు. రెండింటినీ అంపైరు అతనికి వ్యతిరేకంగానే లెక్కవేశాడు. జనం అంపైరు ప్రాణం తీయమని అరుస్తారు, మోసమని కేకలు వేస్తారు. కేసీ చేయెత్తి వాళ్ళను శాంతింపజేస్తాడు. మూడవ బంతికి బాట్ గాలిలో తిరుగుతుంది, ఆట ముగుస్తుంది.

కవిత చమత్కారంగానే వున్నది. కాని కవి ఎక్కడ నిలబడి నవ్వుతున్నాడో గమనించవలసి వున్నది. థేయర్ మసాచుసెట్స్‌లో ఉన్ని మిల్లు యజమాని కుమారుడు, హార్వర్డ్‌లో చదివినవాడు. అతని కవితలో జనం ఒకే గొంతు, ఒకే పిచ్చి. ఆ తీర్పులు ఒప్పా తప్పా అని ఆలోచించే మనిషి ఆ గుంపులో ఒక్కడూ లేడు. వాదించే జనాన్ని కవి అరిచే మందగా మార్చాడు. తగాదాలో వుండే ఆలోచనను తీసివేసి, రొదను మాత్రమే మిగిల్చాడు. ఈ కవితకున్న పరిమితి ఇదే.

నిజమైన తగాదా ఎలా వుంటుందో తెలుసుకోవాలంటే డెట్రాయిట్ నగరానికి రావాలి. 2010 జూన్ 2న అక్కడి టైగర్స్ జట్టుకు క్లీవ్‌లాండ్ జట్టుతో ఆట. బేస్‌బాల్‌లో తొమ్మిది ఇన్నింగ్స్‌లకు, ఇన్నింగ్స్‌కు ముగ్గురు చొప్పున 27 సార్లు ప్రత్యర్థులను అవుట్ చేయాలి. ఒక్కరినైనా మొదటి బేస్ చేరనివ్వకుండా ఒకే పిచర్ ఆట ముగిస్తే దాన్ని పరిపూర్ణమైన ఆట అంటారు. అప్పటికి ప్రధాన లీగుల చరిత్రలో అటువంటివి 20 మాత్రమే నమోదైనాయి. వెనిజులా నుంచి వచ్చిన అర్మాండో గలరాగా 26 మందిని అవుట్ చేశాడు. 27వ వాడు కొట్టిన బంతిని తోటి ఆటగాడు పట్టి గలరాగాకు అందించాడు. గలరాగా బంతితో బేస్ మీద కాలు పెట్టిన తరవాతగాని బాట్స్‌మన్ అక్కడికి చేరలేదు. అయినా అంపైరు జిమ్ జాయిస్ సేఫ్ అన్నాడు. గలరాగా చిరునవ్వు నవ్వి వెనక్కి వెళ్ళి తరవాతి వాణ్ణి అవుట్ చేశాడు. ఆట గెలిచారు. చరిత్ర మాత్రం దక్కలేదు.

ఆట తరవాత జాయిస్ ఫిల్మ్ చూసి, తానే తప్పు చేశానని బహిరంగంగా ఒప్పుకున్నాడు. మర్నాడు ఆటగాళ్ళ జాబితా కాగితం అందించడానికి గలరాగానే వచ్చినప్పుడు ఆయన కన్నీళ్ళు ఆపుకోలేకపోయాడు. తీర్పు మార్చడానికి కమిషనర్ బడ్ సెలిగ్ ఒప్పుకోలేదు. మిచిగాన్ గవర్నరు అది పరిపూర్ణమైన ఆటేనని ప్రకటన జారీచేసింది. అభిమానులు రెండుగా చీలారు. లక్షల కళ్ళు చూసిన సత్యాన్ని పుస్తకంలో రాయడానికి అభ్యంతరమేమిటని ఒక పక్షం. ఒక్క తీర్పు తిరగరాస్తే నూరేళ్ళ తీర్పులన్నీ తిరగరాయాలి కదా అని రెండవ పక్షం. సత్యం ముఖ్యమా, నియమం ముఖ్యమా? నియమాన్ని మార్చే అధికారం ఎవరిది? న్యాయశాస్త్ర విద్యార్థులు తరగతిలో చర్చించే ప్రశ్నలను మామూలు మనుషులు టీ బల్లల దగ్గర చర్చించారు. దీన్ని పలవరింత అనడం అన్యాయం. 2014లో వీడియో సమీక్ష పరిధి విస్తరించి, ఇటువంటి తీర్పులకు కూడా వర్తించింది. ఆ మార్పు వెనక ఈ వాదాల ఒత్తిడి కూడా వున్నది.

ఆ పిచర్, ఆ అంపైరు కలిసి రాసిన 'నోబడీస్ పర్‌ఫెక్ట్' 2011లో వెలువడింది. ఇది నేను పరిశీలించే రెండవ రచన. పుస్తకంలో నిజాయితీ వున్నది. తప్పు చేసినవాడూ నష్టపోయినవాడూ పరస్పరం గౌరవించుకోవడం చిన్న విషయం కాదు. అయితే కథ అంతా ఇద్దరు మంచివాళ్ళ క్షమాగుణంలోకి కుదించుకుపోయింది. ఆ నగరానికే చెందిన జనరల్ మోటార్స్ దాదాపు ఏడాది ముందు, 2009 జూన్ 1న దివాలా కోర్టుకు ఎక్కింది. కార్మికుల ఉద్యోగాలు పోయాయి. ఆ కంపెనీయే గలరాగాకు ఒక ఖరీదైన కారు బహూకరించింది. ఆటలో జరిగిన అన్యాయానికి బహుమానం దొరికింది. కర్మాగారంలో పని పోయినవాడి పక్షాన వీడియో సమీక్ష ఎవరు అడగాలి?

తగాదాకున్న అసలు హద్దు ఇక్కడ కనబడుతుంది. ప్రేక్షకుడి కోపం మైదానంలో నిలబడిన మనిషి దగ్గర ఆగిపోతుంది. ఆ అంపైరు కూడా జీతగాడే. 1999లో అంపైర్లు సామూహికంగా రాజీనామాలు ఇస్తే యాజమాన్యం 22 మందిని ఇంటికి పంపింది. కనబడే తీర్పు అతనిది. కనబడని తీర్పులు వేరేవాళ్ళవి. బేస్‌బాల్ చరిత్రలో అతి పెద్ద తప్పు తీర్పును ఏ అంపైరూ ఇవ్వలేదు. 19వ శతాబ్దం చివరినుంచి 1947లో జాకీ రాబిన్‌సన్ బ్రూక్లిన్ జట్టులో అడుగుపెట్టేదాకా ప్రధాన లీగులలో నల్లవాళ్ళకు చోటు లేదు. దానికి రాతపూర్వకమైన నియమం లేదు, యజమానుల మధ్య అవగాహన మాత్రమే వున్నది. కనబడని అంపైరును ఎవరు తిడతారు?

తిట్టినవాళ్ళు లేకపోలేదు. పిట్స్‌బర్గ్ కొరియర్‌లో వెండెల్ స్మిత్ వంటి నల్లజాతి పాత్రికేయులు ఈ పోరాటానికి ముందు నిలిచారు. కమ్యూనిస్టు పత్రిక డెయిలీ వర్కర్‌లో 1936 నుంచి ఆటల పేజీ నడిపిన లెస్టర్ రాడ్నీ ఆ వివక్ష మీద ఏళ్ళ తరబడి రాశాడు. యువ కమ్యూనిస్టులు ఆటస్థలాల బయట నిలబడి సంతకాలు సేకరించారు. ఆట నల్లమందు అని చేతులు ముడుచుకు కూర్చుంటే ఈ పని జరిగేదా? అభిమాని న్యాయబుద్ధిని వాళ్ళు వెక్కిరించలేదు, దాన్ని మైదానం దాటించారు.

ఈ దాటింపును సాహిత్యంలో సాధించిన రచన ఆగస్ట్ విల్సన్ నాటకం 'ఫెన్సెస్'. 1987లో దానికి పులిట్జర్ బహుమానం వచ్చింది. కథాకాలం ముఖ్యంగా 1957. నాయకుడు ట్రాయ్ మాక్సన్ ఒకనాడు నీగ్రో లీగులో గొప్ప బాట్స్‌మన్, ఇప్పుడు చెత్త బండి వెనక పనివాడు. అతను కాస్త ముందు పుట్టాడని, తరవాత వుంటే అవకాశం దొరికేదని స్నేహితుడు ఓదారుస్తాడు. 'ముందు' అనే కాలమే వుండకూడదని ట్రాయ్ ఎదురు తిరుగుతాడు. మన తగాదా అంతా ఈ ఎదురు మాటలో వున్నది. అంపైరు లేని తీర్పును అతను పేరు పెట్టి నిలదీశాడు. అదే నోటితో, బండి నడిపే పని తెల్లవాళ్ళకే ఎందుకని పనిస్థలంలో అడిగాడు, ఆ పని సాధించాడు కూడా.

విల్సన్ అంతటితో ఆగలేదు. అదే ట్రాయ్ ఇంట్లో కొడుకు ఆటకు అడ్డుపడతాడు, బేస్‌బాల్ భాషలోనే అతని తప్పులు లెక్కవేస్తాడు. తప్పు తీర్పుకు బలైనవాడు తన ఇంటికి తానే చెడ్డ అంపైరైనాడు. అన్యాయాన్ని గుర్తించినంత మాత్రాన మనిషి న్యాయవంతుడైపోడు. జనానికి ముఖస్తుతి చేసే రచయిత ఈ మాట చెప్పలేడు, జనాన్ని వెక్కిరించే రచయితకు ఈ మాట తట్టదు.

కనుక ఈ విషయంలో మన విమర్శకుల పని స్పష్టం. ఒక తప్పు తీర్పు మీద గంటల తరబడి సాక్ష్యాలు తూచే మనిషిని చూసి పెదవి విరవకూడదు. తీర్పు చెప్పేవాడు సత్యానికి జవాబుదారీ అని అతనికి తెలుసు, ఆ తెలివి విలువైనది. నియమాలు ఎవరు రాశారు, ఎవరిని మైదానంలోకే రానివ్వలేదు అని కూడా అడగమని అతన్ని కోరాలి. అతను అడిగిన ప్రశ్నను మన ఇళ్ళలో, మన కళాశాలలలో, మన సంఘాలలో మనం ఇచ్చే తీర్పుల మీద కూడా వేసుకోవడానికి మనం సిద్ధపడాలి.