నమ్మకం లేనివారు త్యాగయ్యను పాడవచ్చా?

సంగీతాన్ని వృత్తిగా కాక ఇష్టం కొద్దీ నేర్చుకునేవారికి, ముఖ్యంగా పెద్దయ్యాక మొదలుపెట్టినవారికి, ఏదో ఒక దశలో ఒక సందేహం ఎదురవుతుంది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు సాగినంతకాలం దాని ఊసే ఉండదు. మాయామాళవగౌళలో సరిగమలు పాడటానికి దేవుడితో పని లేదు. కృతుల్లోకి వచ్చేసరికి మాత్రం నోట పలికే ప్రతి మాటా రాముణ్ణో, అమ్మవారినో, సుబ్రహ్మణ్యుణ్ణో పిలుస్తూ ఉంటుంది. పూజలూ వ్రతాలూ అలవాటు లేనివారు, దేవుడున్నాడో లేడో తేల్చుకోనివారు, వేరే మతంలో పుట్టినవారు, అసలు నమ్మనే నమ్మనివారు ఈ మాటలను నిజాయితీగా పాడగలరా? పాడితే అది నటన అవుతుందా? ఈ ప్రశ్నకు రెండు తేలిక జవాబులు చలామణిలో ఉన్నాయి. భక్తి లేకపోతే నోరు విప్పవద్దన్నది ఒకటి. సంగీతమే ముఖ్యం, మాటలు నెపం మాత్రమేనన్నది రెండోది. రెండూ తప్పేనని నా అభిప్రాయం. నమ్మకం లేనివారు త్యాగయ్యను పాడవచ్చు. కానీ ఆ కృతి దేన్ని నమ్ముతోందో తెలుసుకోకుండా పాడకూడదు.

ఈ మాటకు మొట్టమొదటి ఆక్షేపణ త్యాగయ్య (1767–1847) నుంచే వస్తుంది. భక్తి లేని సంగీత జ్ఞానం మంచిదారి కాదని ధన్యాసిలో ఒక కృతి చెబుతుంది. భక్తీ సంగీత జ్ఞానమూ రెండూ లేనివారికి మోక్షం ఎక్కడిదని సారమతిలో మరో కృతి అడుగుతుంది. ఇవి ఆ కాలపు మాటలులే అని పక్కకు నెట్టేయడం మర్యాద కాదు. ఆయన జీవితమంతా ఆ మాటల మీదే నిలబడింది. అయితే భక్తి అంటే ఆయన దృష్టిలో ఏమిటో కూడా ఆయన కృతుల్లోనే వెతకాలి. మనసును కుదురుగా ఉంచుకోలేనివారు గంట మోగించి పూజ చేస్తే ఒరిగేదేమిటని ఆభోగిలో నిలదీశాడు. నామాన్ని ఊరికే పలకడం కాదు, తెలిసి తలచుకోవాలని పూర్ణచంద్రికలో హెచ్చరించాడు. చిత్తరంజనిలో శివుణ్ణి నాదమే శరీరంగా గలవాడిగా కొలిచాడు. అంటే ఆయన కొలతబద్ద నుదుటి బొట్టు దగ్గరో పుట్టిన మతం దగ్గరో ఆగదు. నిలకడ, ఎరుక, నాదం మీద శ్రద్ధ ఉన్నాయా అని అడుగుతుంది. ఆ కొలత ముందు నమ్మనివారే కాదు, యాంత్రికంగా నమ్మేవారూ నిలబడవలసిందే. మరో సంగతి కూడా గమనించాలి. ధన్యాసి, సారమతి కృతులు మాట్లాడేది సన్మార్గం గురించి, మోక్షం గురించి. ఎవరు పాడాలి, ఎవరు పాడకూడదన్న నిబంధన వాటిలో లేదు. మోక్షం కోరని గాయకుడికి మోక్షం దక్కదని త్యాగయ్య అంటే, ఆ గాయకుడికి పేచీ ఏముంటుంది? 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీతరత్నాకరం కూడా నాదాన్ని రెండుగా విడదీసింది: ముక్తినిచ్చే అనాహతం, జనాన్ని రంజింపజేసే ఆహతం. మనం కంఠంతో, వీణతో, వయొలిన్‌తో సాధన చేసేది రెండోదాన్నే. ఆ ఆనందానికి శాస్త్రమే చోటిచ్చింది.

ఇక స్వరానికి మతం ఉందా అన్న ప్రశ్న. చరిత్ర చూస్తే లేదనే చెప్పాలి. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) తన చెవిన పడిన పాశ్చాత్య బాణీలకు సంస్కృతంలో దేవతాస్తుతులు కూర్చాడు. నొట్టుస్వర సాహిత్యాలని పిలిచే ఆ రచనలు 40 వరకు ఉన్నాయి. వాటిలో బ్రిటిష్ జాతీయగీతం బాణీ కూడా ఒకటి. ఒక రాజు క్షేమం కోరిన స్వరాలు అమ్మవారి స్తుతిగా మారడానికి ఏ అడ్డంకీ కలగలేదు. అదే కాలంలో తంజావూరులో వేదనాయగ శాస్త్రి (1774–1864) కర్ణాటక రాగాల్లో తమిళ క్రైస్తవ కీర్తనలు రాశాడు. మన తెలుగులో 19వ శతాబ్దపు పురుషోత్తమ చౌదరి చేసిన పనీ అలాంటిదే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కీర్తనకు పైన రాగం, తాళం పేర్లు అచ్చయి కనిపిస్తాయి. ఈ చరిత్ర తెలిసినవారికి, 2018లో క్రైస్తవ గీతాలు పాడారని కొందరు కర్ణాటక విద్వాంసుల మీద వచ్చిన విమర్శలు, బెదిరింపులు అర్థం లేనివిగానే తోస్తాయి. రాగాలు రెండు వందల ఏళ్ళ క్రితమే ఆ గడప దాటాయి.

అయితే ఇక్కడి నుంచి రెండో తేలిక జవాబులోకి జారిపోకూడదు. స్వరానికి మతం లేదు కాబట్టి సాహిత్యానికీ విలువ లేదని, త్యాగయ్య మాటల స్థానంలో ఏ మాటలు పెట్టినా ఒకటేనని అనేవారున్నారు. కృతి నిర్మాణమే ఆ వాదనను ఒప్పుకోదు. చక్కని రాజమార్గం ఉండగా సందుగొందులు ఎందుకని మనసును మందలించే ఖరహరప్రియ కృతిని తీసుకోండి. పల్లవిలోని ఒక్క ఊహ సంగతి వెంట సంగతిగా, అంటే అదే పాదం కొత్త కొత్త స్వర మార్పులతో, విస్తరిస్తుంది. మొదటి సంగతి నిరాడంబరంగా నడుస్తుంది, తరువాతివి ఒక్కో మెట్టు పైకి చేరి రాగమంతా కళ్ళముందు పరుస్తాయి. ఆ దారి విశాలమైనదని మాట చెబుతుంటే, ఎంత విశాలమో సంగతులు చూపిస్తాయి. ఘనరాగ పంచరత్నాల్లో రెండోదైన గౌళ కృతి చూడండి. వాగ్గేయకారుడు తన తప్పులను ఏకరువు పెట్టుకుంటూ ఇలాంటివాణ్ణి ఎవరు కాపాడతారని అడుగుతాడు. చరణం ముందు స్వరంగా, తరువాత సాహిత్యంగా వచ్చి మళ్ళీ ఆ పల్లవి ప్రశ్న దగ్గరకే చేరుతుంది. ఎంత దూరం వెళ్ళినా మనసు అపరాధభావం దగ్గరకే తిరిగివస్తుందన్న సంగతి కృతి నడకలోనే ఉంది. అర్థం తెలియకుండా పాడినవారికి అవి వరసగా వచ్చే చరణాలు మాత్రమే. దీక్షితుల పంచభూత లింగ కృతులదీ ఇదే తీరు. శ్రీకాళహస్తిలో వాయులింగం మీద హుసేని రాగంలో చేసిన కృతిని విడిగా నేర్చుకుంటే ఒక పాట వస్తుంది. కంచి, తిరువానైక్కావల్, తిరువణ్ణామలై, చిదంబరం కృతులతో కలిపి చూస్తే భూమి, నీరు, నిప్పు, గాలి, ఆకాశాలను వరసగా దర్శించిన ఒక యాత్ర తెలుస్తుంది. ఆ యాత్రను నమ్మకపోయినా నష్టం లేదు. అది ఉందని తెలియకపోవడమే నష్టం.

తనది కాని భావాన్ని నిజాయితీగా పాడటం సాధ్యమేనా? ఈ ప్రశ్నకు మన సంగీతంలోనే, మన నేల నుంచే ఒక జవాబు ఉంది. కృష్ణా జిల్లా మువ్వ ఊరి పేరును చిరస్థాయి చేసిన 17వ శతాబ్దపు క్షేత్రయ్య పదాల్లో మాట్లాడేది చాలావరకు స్త్రీ. విరహంతో వేగేది, అలిగేది, ఎత్తిపొడిచేది, కొన్నిచోట్ల మరొకరి భార్య. ఆ మాటలు రాసింది పురుషుడు. వీణ ధనమ్మాళ్ (1867–1938) కుటుంబం ఆ పదాలను తరతరాలుగా కాపాడి ప్రాణం పోసింది. పదం పాడేవారిని ఆ నాయిక బతుకు మీరు బతికారా అని ఎవరూ అడగరు. భావాన్ని పట్టుకున్నారా లేదా అనే చూస్తాం. ప్రేమ అందరికీ తెలిసిన అనుభవం, భక్తి అలాంటిది కాదు కదా అని ఎవరైనా అనవచ్చు. గట్టి ప్రశ్నే. కానీ త్యాగయ్య కృతులను దగ్గరగా చూస్తే వాటిలో ఉన్నది ఒకే రకమైన నిశ్చయం కాదు. ఎదురుచూపు ఉంది, నిష్ఠూరం ఉంది, నువ్వు నిజంగా వింటున్నావా అన్న అనుమానం ఉంది, కృతజ్ఞత ఉంది, లోకం తీరు మీద కోపం ఉంది. ఇవన్నీ నమ్మనివారికీ తెలిసిన అనుభవాలే. తెలియనిది ఒక్కటే, ఆ అనుభవాలన్నీ ఒకే పేరు చుట్టూ తిరగడం. దాన్ని ఊహలో అందుకోవడం కష్టమే. కష్టం కాబట్టే అది సాధన అవుతుంది.

చరిత్రలో మతాల మధ్య గీతలు చెరిపినవారికి కొదవ లేదు. ఒంగోలు దగ్గరి కరవది నుంచి వెళ్ళి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా (1924–1999) నాదస్వరంతో దేవాలయ సంగీతానికే పేరు తెచ్చి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి అయ్యారు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభాని, కాలీషాబి మహబూబ్ దంపతులను 2020లో పద్మశ్రీ వరించింది. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కె.జె. ఏసుదాసు గొంతు శబరిమలలో గుడి తలుపులు మూసే వేళ వినిపిస్తుంది. గురువాయూరు గుడిలోకి మాత్రం ఆయనకు ప్రవేశం దక్కలేదు. ఇవన్నీ నమ్మకం ఉన్నవారి ఉదాహరణలే కదా, నమ్మనివారికి వీటితో ఏం సంబంధం అని అడిగితే, ఆ ఆక్షేపణను ఒప్పుకుంటాను. ఈ ఉదాహరణలు నాస్తికుడు పాడగలడని నిరూపించవు. పుట్టిన మతాన్ని బట్టి గొంతులోని భావాన్ని నిర్ణయించలేమని మాత్రం నిరూపిస్తాయి. వాదనకు ఆ మెట్టు అవసరం. ఎందుకంటే భక్తిని షరతుగా పెట్టినచోట ఆచరణలో జరిగేది మనసుల పరీక్ష కాదు. పేరు, కులం, మతం చూసి చేసే వడపోత. మనసును కొలిచే సాధనం ఏ గురువు దగ్గరా, ఏ సభ దగ్గరా లేదు.

మరి కొలవగలిగేది ఏమిటి? చాలా ఉంది. మాటను ఎక్కడ విరిచారు, ఊపిరి ఎక్కడ తీసుకున్నారు, దేవుడి పేరును తాళం కోసం మధ్యలో తెంపారా, వేడుకోలును గబగబా పరుగెత్తించారా, గౌళ రిషభాన్ని అది కోరే చోట నిలిపారా, నెరవుకు, అంటే మళ్ళీ మళ్ళీ విస్తరించి పాడటానికి, ఎంచుకున్న పాదం అంత సేపు తలచుకోదగిన అర్థం ఉన్నదేనా. ఇవి వినబడతాయి, దిద్దవచ్చు, నేర్పవచ్చు. పరమ భక్తులు కూడా వీటిలో తప్పవచ్చు, నమ్మనివారు కూడా వీటిని సాధించవచ్చు. శ్రోతను మోసం చేయడమనే మాట వస్తే, అర్థం పట్టించుకోకుండా పాడటమే మోసం. తెలుగు రాని గాయకులు ఎందరో శ్రమపడి పదచ్ఛేదం, భావం నేర్చుకుని పాడుతుంటే, తెలుగు ఇంటి భాషగా ఉన్న మనం అర్థం తెలిసిందనుకుని వదిలేయడం ఇంకా పెద్ద తప్పు.

నమ్మని వైపు నుంచి కూడా ఒక ఆక్షేపణ ఉంది. నాకు ఒప్పుదల లేని మాటలు నేనెందుకు పాడాలి, కొత్త మాటలు రాసుకోవచ్చు కదా అని. తప్పకుండా రాసుకోవచ్చు; ఈ సంగీతానికి కొత్త సాహిత్యం కావాలి కూడా. కానీ కొత్తది రావడానికి పాతదాన్ని చెరపనక్కరలేదు. మనలా ఆలోచించని ఒక మహా మేధావి మనసులోకి, ఆయన మాటల వెంట, ఆయన స్వరాల వెంట వెళ్ళే అవకాశం కృతి ఇస్తుంది. మనతో ఏకీభవించేవారి మాటలే పాడతానంటే ఆ అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకున్నట్టే.

ఈ పనికి ఔత్సాహికులే తగినవారని నేను గట్టిగా నమ్ముతాను. వృత్తి కళాకారులకు కచేరీల ఒత్తిడి, కొత్త కృతుల గిరాకీ, శ్రోతల కోరికలు ఉంటాయి. మనకు అవేవీ లేవు. ఒక్క కృతి మీద నెలలు గడపవచ్చు. పాఠం మొదలుపెట్టే ముందే ఇది ఎవరితో మాట్లాడుతోంది, ఏం కోరుతోంది, ఏ నమ్మకం మీద నిలబడింది, ఆ నమ్మకాన్ని ఏ సంగతి మోస్తోంది అని గురువును అడగవచ్చు. గురువులూ నమ్ముతావా అని శిష్యుణ్ణి అడిగే బదులు అర్థమైందా అని అడిగితే చాలు. ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పగలిగినవారు, గుడికి వెళ్ళినా వెళ్ళకపోయినా, త్యాగయ్యను పాడే అర్హత సంపాదించుకున్నట్టే.