తొమ్మిది గడుల పలక: ఒక పాఠముపై విమర్శ

వెబ్ పేజీలను నిర్మించు విద్యను క్రొత్తగా అభ్యసించువారిలో పెక్కుమంది చేతికి మొదట వచ్చు ఆట టిక్-టాక్-టో. మూడు వరుసలు, మూడు నిలువులు, తొమ్మిది గడులు. ఒకరు ఎక్స్ గుర్తును, రెండవవారు సున్నను పెట్టుదురు. 2013లో బహిరంగముగా వెలువడిన రియాక్ట్ అను జావాస్క్రిప్ట్ సాధనముయొక్క అధికారిక పాఠములలో ఈ ఆట చాలకాలముగా నున్నది. 2023 మార్చిలో ప్రారంభమైన వారి క్రొత్త స్థలమునందును దానికి చోటు దక్కినది. ఇందరు అనుకరించు పాఠము గనుక దాని గుణదోషములను విచారింపవలసియున్నది.

ముందు గుణము. ఆట స్థితినంతను తొమ్మిది స్థానముల జాబితాగా ఉంచి, తెరపై కనబడు పలకను ఆ జాబితానుండియే ప్రతిసారియు పుట్టించుట ఇందలి ముఖ్య విషయము. పలక వేరు, పలక బొమ్మ వేరు అను భేదమును ఇంత సులభముగా తెలియజెప్పు పాఠములు అరుదు. స్థానములకు 0 మొదలు 8 వరకు సంఖ్యలు గలవు. ఒక సంఖ్యను 3చే భాగింపగా భాగఫలము వరుసను, శేషము నిలువును తెలుపును. 5 అను సంఖ్యను తీసికొందము: భాగఫలము 1, శేషము 2. లెక్క సున్నతో మొదలగును గనుక అది రెండవ వరుసలోని మూడవ గడి. ఈ రహస్యమును పాఠము తాను చెప్పివేయక, ప్రతి ఎత్తునకు వరుసను, నిలువును చూపుమని చివర అభ్యాసముగా ఇచ్చినది. మంచి ఉపాధ్యాయుడు చేయు పని ఇదే.

ఇక గడులను పరచిన తీరు. తొమ్మిది బటన్లను ఊరక వ్రాసినచో అన్నియు ఒకే వరుసలో నిలుచును. కావున పాఠము మూడేసి బటన్లను ఒక్కొక్క పెట్టెలో చేర్పించును. ప్రతి గడి 34 పిక్సెళ్ల చదరము. ప్రక్క ప్రక్క గడుల అంచులు జంట గీతలుగా కనబడకుండ ఒక పిక్సెల్ మేర ఒకదానిపై నొకటి ఎక్కించినారు; ఈ చిట్కా ముచ్చటైనదే. కాని గడులను ప్రక్కప్రక్కన నిలుపుటకు వాడినది ఫ్లోట్ అను ధర్మము. అది బొమ్మ చుట్టును అక్షరములు ఒదిగి నడచుటకు పుట్టినది. అందుచేత ప్రతి వరుస చివర దాని ప్రభావమును త్రుంచుటకు మరియొక నియమము అవసరమైనది. 2017 మార్చి నెలలోనే క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింటను సి.ఎస్.ఎస్. గ్రిడ్ పద్ధతి ప్రవేశించినది. పలకకు “మూడు సమానమైన నిలువులు” అని ఒక్క నియమము విధించినచో గడులు తమంతట తామే క్రింది వరుసకు దిగును. ఆరేండ్ల పిమ్మట వెలువడిన పాఠము పాత దారినే పట్టుట నాకు సమంజసముగా తోచలేదు. తాము నేర్పునది రియాక్టేగాని అలంకరణ కాదని వారనవచ్చును. విద్యార్థి మాత్రము రెంటిని కలిపియే ఎత్తివ్రాయును గదా!

అంతకన్న పెద్ద లోపము కంటికి కనబడనిది. ఆట ఆరంభమున తొమ్మిది బటన్లును ఖాళీ. వానికి పేరు లేదు. చూపులేని వ్యక్తి తెరను చదివి వినిపించు స్క్రీన్ రీడర్‌తో ఈ పలకను సమీపించినచో వినబడునది “బటన్, బటన్, బటన్” అని మాత్రమే. ఏది నడిమి గడియో, ఏది మూలదో తెలియదు. ఎక్స్ పడిన పిదప “ఎక్స్ బటన్” అని వినబడును. అది ఎచ్చట పడినదో అప్పుడును తెలియదు. ఆట నియమములు ఎరిగిన మనిషి ఆడలేకపోవుటకు కారణము అతని చూపు కాదు, మనము వ్రాయని పేరు. “రెండవ వరుస, మూడవ గడి, ఖాళీ” అని ప్రతి బటన్‌కు లేబుల్ కట్టుటకు పైన చెప్పిన భాగఫలము, శేషము చాలును. ఆ అభ్యాసమును చివరకు నెట్టక, పలకను పరచునప్పుడే వాడియుండిన ఎంత బాగుండెడిది!

గడి పరిమాణమును గూర్చి ఒక మాట. 2023 అక్టోబరునాటి వెబ్ సౌలభ్య మార్గదర్శకములు, డబ్ల్యు.సి.ఎ.జి. 2.2, తాకవలసిన గురి సాధారణముగా 24 పిక్సెళ్లకు తగ్గరాదనును. కఠిన స్థాయిలో 44 కోరును. 34 ఈ రెంటి నడుమ నున్నది. తప్పనలేము, ఫోనుపై బొటనవ్రేలితో ఆడువానికి హాయి అనియు అనలేము.

టేబుల్ మూలకమును వాడరాదా యని కొందరడుగుదురు. 1990లలో పేజీనంతను టేబుల్‌తో కట్టెడి దురలవాటు ప్రబలినది. దానిని ఖండించిన తరువాత టేబుల్ పేరెత్తుటయే అపరాధమైనది. ఇది అతి. ఆట పలక నిజముగనే వరుసలు, నిలువులు గల పట్టిక. సరిగా వ్రాసిన టేబుల్‌లో స్క్రీన్ రీడర్ వరుస, నిలువు సంఖ్యలను తానే చెప్పగలదు. నా మట్టుకు గ్రిడ్ కన్న దానికే మొగ్గు.

ఈ పాఠముతో “గడి యనగా పెట్టె” అను భావము విద్యార్థి మనస్సున నాటుకొనును. చదరంగమునకు అది చెల్లును. గో ఆటకు చెల్లదు: 19 గీతలు అడ్డముగా, 19 నిలువుగా గీయగా ఏర్పడు గడులు 324, కాని రాళ్లు పెట్టునది గీతలు కలిసెడి 361 బిందువులపై. మన పులి-మేక పలకయందును కాయలు నిలుచునది గీతల కూడలిలోనే, పైగా అది త్రిభుజము. దానికి గ్రిడ్‌ను బలవంతముగా తొడిగించుట కన్న, కూడలుల స్థానములను జాబితాగా వ్రాసి, ఏ కూడలికి ఏది పొరుగో తెలిపి, గీతలను ఎస్.వి.జి.తో గీయుట సులభము.