సారీతో సరా?

ఇంగ్లీషువాడు మనకి వదిలిపోయిన వాటిలో రైలుబండీ, క్రికెట్టూ, 'సారీ' అనే మాటా ముఖ్యమైనవి. మొదటి రెండింటికీ టిక్కెట్టు కొనాలి. మూడోది ఉచితం. అందుకే కాబోలు అంత విరివిగా వాడేస్తున్నాం.

నా ఫిర్యాదు ఆ మాట మీద కాదు లెండి. మన అనువాద నవలల్లో, డబ్బింగు సినిమాల్లో ఆ జాతి మాటలు పడుతున్న అవస్థ మీద. అసలు పాత్ర బస్సులో దారి ఇమ్మంటూ 'ఎక్స్‌క్యూజ్ మీ' అంటుంది. మనవాడు 'నన్ను క్షమించండి' అని రాసేస్తాడు. దారి అడిగినవాడు కాస్తా ఖూనీ చేసినవాడిలా వినిపిస్తాడు. 'కొంచెం జరగండి బాబూ' అంటే సరిపోను! మాట వినబడక 'పార్డన్?' అన్నా క్షమాపణే!

ఆ మాటల పుట్టుక చూడండి. 'సారీ' నొప్పి, పుండు అనే అర్థమున్న 'సోర్'కి చుట్టం. నాకు బాధగా ఉందని చెప్పడమే. ఎదుటివాడి బాధ ఊసు అందులో లేదు. 'అపాలజీ' అంటే గ్రీకులో తనని తాను సమర్థించుకునే వాదన. ఏథెన్సు న్యాయస్థానంలో సోక్రటీసు చేసింది అదే; ఆయన ఎవరికీ క్షమాపణ చెప్పుకోలేదు. 'పార్డన్', 'ఫర్‌గివ్' రెండింటిలోనూ మాత్రం 'ఇవ్వడం' ఉంది. అందుకే రాజ్యాంగం 72వ అధికరణం కింద రాష్ట్రపతి ఇచ్చేదాన్ని 'క్షమాభిక్ష' అంటే అతికినట్టు కుదిరింది.

మరి మన మాటలో? 'క్షమ' అంటే ఓర్పు. భూమికీ అదే పేరు. 'మాఫీ' అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా వచ్చి శిస్తుల దగ్గరా అప్పుల దగ్గరా స్థిరపడింది. 'మన్నించడం' అంటే గౌరవించడం కూడాను. తప్పు చేసినవాడి మర్యాద నిలబెట్టడమన్నమాట.

ఇక మా శ్రీముఖలింగం వైపు, వంశధార గట్టుకి రండి. 'తప్పయిపోనాది బావూ, ఈపాలికి ఒగ్గేయండి' అంటాడు రైతు. 'ఏటనుకోకండి' అంటుంది పొరుగింటి అప్ప. సారీ అన్నవాడు అనేసి వెళ్ళిపోవచ్చు. ఏటనుకోకండి అన్న మనిషి జవాబు కోసం గుమ్మంలో నిలబడాలి. 'ఏటనుకుంటాను, రా, కూకో' అంటేనే వ్యవహారం తెమిలినట్టు. అసలు సగం క్షమాపణలకి మాటలే ఉండవు. అలిగి పడుకున్న పెళ్ళాం పక్కన కంచం పెట్టి 'సల్లారిపోతంది' అన్నవాడు చెప్పవలసిందంతా చెప్పేసినట్టే.

ఇలాంటి నోటిమాటకి పుస్తకాల్లో చోటు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టిన పర్వతాలపేట ఈ ముఖలింగానికి దగ్గరే. ఈ గుళ్ళలోని శాసనాలు చదివి పాత లిపులు నేర్చిన పండితుడే, వాడుకభాషే రాయాలని వాదించారు. ఆ వాదం గెలిచింది. ఏం లాభం? మన కథకుడు కథంతా వాడుకభాషలో నడిపి, పాత్రకి పశ్చాత్తాపం కలగగానే పుస్తకభాష ఎక్కిస్తాడు. బెస్తవాడు పెళ్ళాం ముందు 'నన్ను క్షమించు' అని కుమిలిపోతాడు. దాంతో మనిషి పోయి డైలాగు మిగులుతుంది. మనిషి నిజం పలకవలసిన చోటే అబద్ధం పలికిస్తే ఆ కథని ఎవరు నమ్ముతారు?

ముఖలింగం స్థలకథ ఒకటుంది. ఇప్పపూల కోసం సవతులిద్దరూ తగువులాడుకుంటే విసిగిపోయిన సవరదొర చెట్టే నరికేశాడట. ఆ మోడులోనే మధుకేశ్వరుడు వెలిశాడంటారు. చెట్టు నరికినవాడికే స్వామి ముఖం చూపించాడు! తప్పు చేస్తే మొహం చెల్లదంటాం. ఆ మొహాన్ని మళ్ళీ చూడడానికి ఒప్పుకోవడమే క్షమంటే.

రచయితలకి నా మనవి ఒకటే. మీ పాత్రల్ని తప్పులు చేయనివ్వండి. ఒప్పుకునేటప్పుడు మాత్రం వాళ్ళ నోటితోనే ఒప్పుకోనివ్వండి. ఇంత మాటన్నానని ఏటనుకోకండేం!