తెడ్డు పట్టినవారిదీ వేటే

నెల్లూరు జిల్లా ఆత్మకూరు దాటి పడమరకు పోతే పెన్న మీద సోమశిల. 1989 నాటికి పూర్తయిన ఈ జలాశయంలో నిండుగా ఉంటే 78 టీఎంసీల దాకా నీళ్లు నిలుస్తాయి. ఇంకా అనంతసాగరం, ఆత్మకూరు చెరువులు, ఉదయగిరి వైపు గండిపాలెం జలాశయం ఉన్నాయి. వానలు మొహం చాటేసే ఈ మెట్ట సీమలో నీళ్లు నిలిచిన చోటల్లా చేపల వేట బతుకుతెరువే. లోతు నీళ్లలో పుట్టి మీద చేసే వేట ఇద్దరి పని. ఒకరు వల చూస్తారు, ఒకరు తెడ్డు పడతారు. పేరు మాత్రం వలకే దక్కుతుంది. కానీ సగం వేట తెడ్డులోనే ఉంది.

పుట్టికి ముందూ వెనకా ఉండవు. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, పూర్వం తోలు కప్పేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా బిగించి తారు పూస్తారు. ఒక పక్కనే తెడ్డేస్తే అది గిర్రున తిరుగుతుంది. అందుకే తెడ్డు మనిషి పోవాల్సిన దిక్కుకు మొహం పెట్టి కూర్చుని, ఎదుటి నీళ్లను తన వైపుకు లాగుతూ పుట్టిని నడపాలి. వల మనిషి అవతలి అంచున ఉంటాడు. అతను నీళ్ల మీదికి వంగితే తెడ్డు మనిషి వెనక్కి ఒరగాలి. ఇద్దరూ ఒకే పక్కకు వంగితే పుట్టి బోల్తా పడుతుంది.

పొద్దు వాలేముందు వల దించుతారు. గాలి వాలున సాగాలి. అప్పుడే వల వెనక మిగిలి, పుట్టి ముందుకు జరుగుతుంది. ఎదురుగాలికి దించితే పుట్టి వల మీదికే వచ్చి పడుతుంది. బెండ్లున్న పైతాడు, సీసం గుండ్లున్న అడుగుతాడు పెనవేసుకోకుండా వల మనిషి మూరమూరకూ వదులుతుంటే, తెడ్డు అతని చేతుల జోరుకు సరిపోవాలి. పుట్టి తొందరపడితే వల బిగిసిపోతుంది, ఆలస్యమైతే కుప్ప పడుతుంది. ‘నిదానం బావా’ అన్న ఒక్క మాటకు తెడ్డు నీళ్లలో నిలబడిపోవాలి. తెల్లారి వల తీసేటప్పుడు గాలికి ఎదురుగా రావాలి. మునిగిన చెట్ల మోళ్లు ఎక్కడున్నాయో, వెలిగొండల గుర్తులతో పోల్చుకుని చెప్పాల్సిందీ తెడ్డు మనిషే.

గాలానికి వాలుగ పడినప్పుడు ఈ జోడీ అసలు సత్తా తెలుస్తుంది. మనిషి పొడవు దాకా పెరగగల వేట చేప అది. నోటి నిండా పళ్లు. చిన్న చేపను ఎరగా పెట్టిన గాలాన్ని మింగి, లోతుకు పరుగు తీస్తుంది. తాడు బిగపట్టి లాగితే తెగుతుంది. అందుకే తెడ్డు మనిషి పుట్టినే చేప వెంట నడిపిస్తారు. చేప అలిసేదాకా తాడు మరీ వదులు కాదు, మరీ బిగువు కాదు. అంచు దగ్గరికి వచ్చాక తాడు పట్టినవారు కదలకూడదు. రెండోవారు చేతివలను తల వైపు నుంచి కిందికి పెట్టి ఎత్తాలి. అమెరికా ఉత్తరాది సరస్సుల్లో మస్కీ అనే పెద్ద వేట చేప కోసం ఒకే పడవలో ఇద్దరు వెళ్లినా సూత్రం ఇదే: పడవ నడిపేవాడి చేతిలోనే రెండోవాడి అదృష్టం.

ఏం వదిలెయ్యాలో తెలియడమూ ఈ విద్యలో భాగమే. చెరువు అంచు నాచులో ఎర్రెర్రని పిల్లల గుంపు కింద కొరమీను కాపలా ఉంటుంది. దాన్ని పడితే ఆ పిల్లలన్నీ వేరే చేపల పాలవుతాయి. బొచ్చె, శీలావతి వరద నీటికి ఎదురెక్కి గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో వల ఆరబెట్టుకోవడమే తెలివి.

దక్షిణాది జలాశయాల్లో చాలాచోట్ల మొగుడు వల వేస్తే పెళ్లాం తెడ్డు పడుతుంది. గాలి లేచినప్పుడు ఇద్దరి ప్రాణాలూ ఆమె చేతుల్లోనే ఉంటాయి. అయినా మత్స్యకారుల సంఘంలో సభ్యత్వం చాలా ఇళ్లలో మగవాడి పేరుతోనే ఉంటుంది. వేటలో ఇద్దరూ సగం సగం అయినప్పుడు సభ్యత్వంలో, బీమాలో, లైఫ్ జాకెట్ల పంపిణీలో తెడ్డు పట్టినవారి పేరు ఎందుకుండదు? పుట్టి వేటను కాపాడాలనుకునే ప్రతి పథకం మొదట ఆ రెండో పేరు రాసుకోవాలి.