పనుల పద్దు

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మేనేజర్ దగ్గర్నుంచి ‘క్విక్ కనెక్ట్’ అని మీటింగ్ ఇన్వైట్ వస్తే సాఫ్ట్‌వేర్‌వాళ్ళ గుండె ఎక్కడికి జారుతుందో బయటివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. చాలాసార్లు అది వచ్చే వారం సెలవులు ఎవరెవరికి కావాలో అడగడానికే అయ్యుంటుంది. అయినా మీటింగ్ మొదలయ్యేలోపు ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజు, అమ్మ మోకాలి ఆపరేషన్ అన్నీ వరసగా కళ్ళముందుకొస్తాయి.

ఇరవై ఏళ్ళకి పైగా ఈ రంగంలో టెస్టర్‌గా ఉన్నాను. ఈ భయం ఏదో ఒకనాడు దానంతటదే పోతుందనుకోవడం మానేసి చాలా కాలమైంది. 2001లో డాట్‌కామ్ బుడగ పగిలిందన్నారు. 2008లో లేమన్ బ్రదర్స్ మునిగిందన్నారు. 2017లో ఆటోమేషన్, 2020లో కోవిడ్, 2022 చివర్లో అమెరికాలో వడ్డీరేట్లు, ఇప్పుడు ఏఐ. కారణం మారుతుంది గానీ పెళ్ళిళ్ళలో బంధువులడిగే ప్రశ్న మాత్రం మారదు: “మీ కంపెనీలో ఏమన్నా ఉందా అమ్మాయ్?” ఉంది అంటే జాలి, లేదు అంటే అనుమానం.

హిమాయత్‌నగర్ అంటే చాలామందికి పట్టుచీరల షాపులు, మినర్వా కాఫీ షాపు, టీటీడీ గుడి. పొద్దున ఎనిమిదిన్నరకి నారాయణగూడ మెట్రో స్టేషన్‌కి వస్తే ఇంకో హిమాయత్‌నగర్ కనబడుతుంది. మెడలో ఐడీ కార్డుల పట్టీలు, వీపున లాప్‌టాప్ బ్యాగులు. పరేడ్ గ్రౌండ్ దగ్గర దిగి, బ్లూ లైన్ మారి హైటెక్ సిటీకి వెళ్ళే జనం. వాళ్ళ ఫోన్లలోకి తొంగిచూడకూడదు, నిజమే. కానీ నిలబడి ప్రయాణించేటప్పుడు పక్కవాళ్ళ ఫోను మన ముక్కు కిందే ఉంటుంది. ఒకబ్బాయి రోజూ నౌకరీ ప్రొఫైల్ తెరిచి, పైనున్న వాక్యంలో ఒక కామా తీసి సేవ్ చేసేవాడు. మర్నాడు ఆ కామా మళ్ళీ పెట్టేవాడు. ‘ఈరోజే అప్‌డేట్ అయింది’ అని కనబడితే రిక్రూటర్ల కంట్లో ముందు పడతామని మా వాళ్ళందరికీ ఒక నమ్మకం. నమ్మకంలో కొంత నిజం ఉంది కూడా. అయితే ఆ కామా చుట్టూ ఉన్న వాక్యం ఏళ్ళ తరబడి అదే.

ఈ మధ్య భయానికి ఆధారం లేదని ఎవరూ అనలేరు. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా, తగ్గించుకుంటానని ప్రకటించింది. ఎక్కువగా మధ్య, పై స్థాయిల వాళ్ళేనని కూడా చెప్పింది. అంతకు నెల ముందే, ప్రాజెక్టు లేకుండా ఖాళీగా ఉండే ‘బెంచ్’ నిబంధన బిగించింది: ఏడాదిలో 225 రోజులు బిల్లింగ్ ఉండాలి, బెంచ్ మీద 35 రోజులకి మించకూడదు. టీసీఎస్ అంటే గవర్నమెంటు ఉద్యోగంతో సమానమని పెళ్ళిచూపుల్లో చెప్పుకునే మాట మా వీధుల్లో ఆ నెలలోనే చెల్లకుండా పోయింది.

కానీ నాకు ఈ విషయంలో అక్షరాభ్యాసం చేయించింది సత్యం కంప్యూటర్స్. 2009 జనవరి 7, బుధవారం. లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేవని దాని ఛైర్మన్ రామలింగరాజు ఒప్పుకున్న ఉత్తరం టీవీల్లో చదువుతున్నారు. 50 వేలకి పైగా ఉద్యోగులున్న కంపెనీ. పొద్దున ఆఫీసుకి వెళ్ళినవాళ్ళకి సాయంత్రానికి వచ్చే నెల జీతం వస్తుందో లేదో తెలియదు. తర్వాత కేంద్రం కొత్త బోర్డుని వేయడం, ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కొనుక్కోవడం, జూన్‌లో మిగులు అనుకున్నవాళ్ళని ‘వర్చువల్ పూల్’ అనే పేరుతో మూల వేతనం మీద ఇంట్లో కూర్చోబెట్టడం అందరికీ తెలిసిందే. నేనప్పుడు వేరే కంపెనీలో ఇంటర్వ్యూ ప్యానెల్లో ఉండేదాన్ని. ఆ సంక్రాంతి దాటాక మా ముందుకొచ్చిన రెజ్యూమెల్లో సగం అక్కడివే.

ఒక్కొక్కటి ఏడెనిమిది పేజీలు. మొదటి పేజీలో క్లయింట్ వెబ్‌సైట్ నుంచి దించిన పేరా. ఆ కింద ‘ఇన్వాల్వ్‌డ్ ఇన్ కోడింగ్, టెస్టింగ్ అండ్ డాక్యుమెంటేషన్’. అదే వాక్యం ప్రతి ప్రాజెక్టు కిందా. మీరేం చేశారండీ అని అడిగితే టీమ్ గురించి చెప్పేవాళ్ళు, ఆర్కిటెక్చర్ బొమ్మ గీసేవాళ్ళు, ఆన్‌సైట్ వాళ్ళ గొప్పతనం వర్ణించేవాళ్ళు. తమ దగ్గరికి వచ్చేసరికి మాట ఆగేది. తెలివి లేక కాదు. “రాత్రిపూట ప్రొడక్షన్ పడిపోయిన సంగతి ఒకటి చెప్పండి” అని అడిగి చూడండి, మనిషి కుర్చీలో ముందుకి జరిగి అరగంట ఆగకుండా చెప్పేవాడు. ఆ అరగంటలో ఉన్నదేదీ ఆ ఎనిమిది పేజీల్లో ఉండేది కాదు. ఉద్యోగం ఊగుతున్న వారంలో కూర్చుని రాసిన రెజ్యూమెకి ఆమాత్రం జ్ఞాపకం కూడా ఉండదు. పైగా మనల్ని ఇంట్లో ఆత్మస్తుతి పనికిరాదని పెంచారాయె.

అప్పట్నుంచి నాకొక అలవాటు. శనివారం పొద్దున ఇంట్లోవాళ్ళు లేవకముందు, కోఠీలో కొన్న లాంగ్ నోట్‌బుక్‌లో ఆ వారం నేను చేసిన పనులు రాస్తాను. కిరాణా కొట్టాయన చిట్టా రాసినట్టు, అలంకారం లేకుండా, తెలుగులోనే. ఇంగ్లిష్‌లో రాయడం మొదలుపెడితే మళ్ళీ ‘ఇన్వాల్వ్‌డ్’లోకి జారిపోతాను. ఆఫీసు లాప్‌టాప్‌లో రాయను. అది నాది కాదు, ఒక్క మాటతో తాళం పడుతుంది. క్లయింట్ పేరు రాయను, కోడ్ ముక్క రాయను. అవీ నావి కావు.

ఒక పేజీ చూపిస్తాను. “నెలాఖరు బిల్లింగ్ బ్యాచ్ రాత్రి ఆగిపోతోంది. ఎన్నో నెలలుగా అందరూ మళ్ళీ రన్ చేసి ఊరుకుంటున్నారు. లాగ్స్ చూశాను. ఒకే కస్టమర్‌కి రెండు రాష్ట్రాల్లో చిరునామా ఉంటే పన్ను కోడు ఖాళీగా వస్తోంది. డెవలపర్ ఒప్పుకోలేదు, నీ టెస్ట్ డేటాయే తప్పన్నాడు. అసలు డేటాలోంచి అలాంటివి ఏరి మళ్ళీ చూపించాను. సరిచేశాడు. ఈ నెలాఖర్న సపోర్ట్ వాళ్ళు ఎవరూ నిద్ర లేవలేదు.” అంతే. గొప్ప సంగతేం కాదు, ఏ టెస్టర్ అయినా చేసేదే. కానీ రెజ్యూమెలో ఇది ఒక్క లైను: నెలాఖరు బిల్లింగ్ పదేపదే ఆగడానికి మూలకారణం పట్టుకుని, ఆ సందర్భానికి టెస్ట్ కేసులు చేర్చి, రాత్రి సపోర్ట్ కాల్స్ ఆపించాను. ఇంటర్వ్యూలో ఎదుటివాళ్ళు ఆ లైను పట్టుకుంటారు. “డెవలపర్ ఒప్పుకోకపోతే ఏం చేశారు?” అనడుగుతారు. దానికి జవాబు కల్పించుకోనక్కర్లేదు, శనివారం రాసిపెట్టుకున్నదే.

ఈ పద్దు వల్ల నేను అనుకోని ప్రయోజనం ఇంకొకటుంది. నాలుగైదు వారాలు వరసగా ‘మీటింగులు’, ‘రిపోర్టు పంపాను’ అని తప్ప ఏమీ రాయలేకపోతే, అది ఏ వాట్సాప్ పుకారుకన్నా నిక్కచ్చి సూచన. కంపెనీ నన్ను తీసేస్తుందా లేదా నాకు తెలియదు. నన్ను తీసేస్తే ఏ పనీ ఆగదన్న సంగతి మాత్రం ఆ పేజీల్లో తెలిసిపోతుంది. అప్పుడు వెళ్ళి ప్రాజెక్టు మార్చమని అడుగుతాను, లేదా ఎవరూ ముట్టుకోని మూల ఒకటి నెత్తిన వేసుకుంటాను. టౌన్‌హాల్ మీటింగ్‌లో సీఈవో ఏ మాట ఏ గొంతుతో అన్నాడని విశ్లేషించడం కన్నా అది తక్కువ అలసట.

ఇక కాగితాలు. పే స్లిప్పులు, ఫారం 16లు, ఆఫర్ లెటర్, హైక్ లెటర్లు ఎప్పటికప్పుడు సొంత డ్రైవ్‌లోకి దించుకోవాలి. ఐడీ ఆపేశాక పోర్టల్ తెరుచుకోదు. పీఎఫ్ యూఏఎన్‌లో పాత కంపెనీల్లో చేరిన తేదీ, మానేసిన తేదీ సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. కొత్త కంపెనీవాళ్ళు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ముందు చూసేవాటిలో అదొకటి. అన్నిటికన్నా పెద్దది ఆరోగ్య బీమా. గ్రూప్ పాలసీ చివరి పనిదినంతో పోతుంది, దానితో పాటు అమ్మానాన్నల కవరేజీ కూడా. ముందే ఉన్న జబ్బులకి సొంత పాలసీలో వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దాని గరిష్ఠ పరిమితిని 4 ఏళ్ళ నుంచి 3 ఏళ్ళకి తగ్గించినా, మూడేళ్ళు తక్కువేం కాదు. ఆ గడియారం ఉద్యోగం ఉండగానే మొదలవ్వాలి. హెచ్-1బీ మీద డల్లాస్‌లో ఉన్న మా మేనకోడలికి గడియారం ఇంకా చిన్నది: ఉద్యోగం పోతే దేశంలో ఉండనిచ్చేది గరిష్ఠంగా 60 రోజులే. అందుకే ఆ పిల్ల రెజ్యూమె నా దానికన్నా ఎప్పుడూ తాజాగా ఉంటుంది.

ఇక రాజీనామా కాగితం మీద సంతకం. ఆ సంగతి మా కాలనీలో చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 2017లో టెక్ మహీంద్రా హెచ్‌ఆర్ ఒకరు ఉద్యోగికి ఫోన్ చేసి, రేపు పొద్దున 10 గంటల్లోగా రాజీనామా చెయ్యమని చెప్పిన ఆడియో దేశమంతా తిరిగింది. ఆనంద్ మహీంద్రా బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఆ ఆడియోలో మర్యాద సంగతి అటుంచి, రాజీనామా అన్న మాట మీదే ఎందుకంత పట్టుదలో చూడాలి. కంపెనీ తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్. చట్టం వర్తించే ఉద్యోగికి నెల నోటీసు, పూర్తిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం ఇవ్వాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్నదే, 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. మనంతట మనమే రాజీనామా రాసిస్తే ఆ లెక్కే పుట్టదు. ఆ చట్టం నాకు వర్తిస్తుందా అన్నది విజిటింగ్ కార్డు మీద ‘మేనేజర్’ అని ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేలదు, చేసే పనిని బట్టి తేలుతుంది. కాబట్టి హెచ్‌ఆర్ గదిలో కూర్చోబెట్టి కాగితం ముందుకు తోసినప్పుడు “చదువుకుని రేపు చెబుతాను, ఇదంతా మెయిల్‌లో పంపండి” అనడం అమర్యాదేం కాదు. గ్రాట్యుటీ వేరే సంగతి: ఐదేళ్ళు నిండితే రాజీనామా చేసినా వస్తుంది.

ఇదే 2017లో హైదరాబాద్‌లో కొందరు ఐటీ ఉద్యోగులు కార్మిక శాఖ మెట్లెక్కారు. ఆ శాఖ ఉండే భవనం మాకు దగ్గరే, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వైపు. దాని పేరు టి. అంజయ్య భవన్. అంజయ్య ఆల్విన్ ఫ్యాక్టరీలో కూలీగా మొదలై, కార్మిక నాయకుడై, 1980లో ముఖ్యమంత్రి అయ్యారు. 1942లో పుట్టిన ఆ ఆల్విన్, ఫ్రిజ్‌లూ వాచీలూ బస్సు బాడీలూ తయారుచేసిన ఆల్విన్, ఇప్పుడు లేదు; కూకట్‌పల్లిలో ఆల్విన్ కాలనీ ఉంది, మియాపూర్ దగ్గర ఆల్విన్ చౌరస్తా ఉంది. ఆ చౌరస్తా మీదుగా రోజూ ఆఫీసుకెళ్ళే కుర్రాళ్ళలో అది ఒక కంపెనీ పేరని ఎందరికి తెలుసో!

మా హిమాయత్‌నగర్‌లోనే ఏఐటీయూసీ వాళ్ళ సత్యనారాయణరెడ్డి భవన్ ఉంది. కవీ కార్మిక నాయకుడూ అయిన మఖ్దూం పేరు మీద మఖ్దూం భవన్ ఉంది. వాటి ముందు ఎర్రజెండాలు కనబడితే మావాళ్ళు ట్రాఫిక్ జామ్ అవుతుందని విసుక్కుంటారు. యూనియన్ అంటే ఫ్యాక్టరీ వాళ్ళదని మాకొక అపోహ, ఏసీలో కూర్చున్నందుకు వచ్చిన అపోహ. నోట్‌బుక్, రెజ్యూమె ఒక్కరి జాగ్రత్తలు. ఒకేసారి పన్నెండు వేలమందికి పడే దెబ్బకి అవి చాలవని నాకు తెలుసు. తెలిసినా ఆ భవనాల మెట్లు నేనూ ఇప్పటిదాకా ఎక్కలేదు.

మా పై అంతస్తులో కొత్తగా బెంచ్ మీద పడిన అబ్బాయి ఒకడు మొన్న వచ్చాడు. “ఆంటీ, మాదాపూర్‌లో ఒక కన్సల్టెన్సీ ఉంది, డబ్బు కడితే బ్యాక్‌డోర్‌లో చేర్పిస్తారట, రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్ కూడా వాళ్ళే పెడతారట” అన్నాడు. అలా కట్టించుకుని రాత్రికి రాత్రి బోర్డు తిప్పేసినవాళ్ళ వార్తలు పేపర్లో వస్తూనే ఉంటాయి నాయనా, పెట్టిన దొంగ అనుభవం మాత్రం వెరిఫికేషన్‌లో దొరికి నీ పేరు మీదే మిగులుతుంది అన్నాను. ముఖం చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత కాలేజీ ప్రాజెక్టు నుంచి నిన్నటి ట్రెయినింగ్ దాకా తన చేతులతో చేసినవేంటో తెలుగులో చెప్పమన్నాను. మొదట్లో “ఏం లేదాంటీ” అన్నవాడు కాఫీ చల్లారేసరికి రెండు పేజీలు చెప్పాడు.

వాడి పని సులువు. నాది వేరే తంటా. యాభైకి దగ్గరపడుతున్న టెస్టర్ రెజ్యూమెలో డిగ్రీ సంవత్సరం తీసెయ్యమంటారు, మొదటి పదేళ్ళూ కోసెయ్యమంటారు. డిగ్రీ సంవత్సరం తియ్యను. మొహం చూశాక ఎలాగూ తెలుస్తుంది. పదేళ్ళని మాత్రం మూడు లైన్లకి దించడానికి ఒప్పుకున్నాను. 2009 నాటి నోట్‌బుక్‌లు అటక మీంచి దించి చూస్తే ప్రతి పేజీ ఉంచాల్సిందే అనిపిస్తోంది. మా ఆయన మాత్రం బిల్లింగ్ బ్యాచ్ లాంటివి ఉంచి, లీడ్‌గా అందుకున్న అవార్డులు తీసెయ్యమంటున్నాడు. అవార్డులు తియ్యడానికి మనసొప్పడం లేదు, ఆయన చెప్పిందే సరైందని తెలిసినా.